సారె గుంజ

ఆ ఎండాకాలం సముద్రానికి సెలవులూ నాకు బహిష్కారమూ ఒకే రోజున వచ్చాయి.

సముద్రానికి ఏటా ఉన్నదే. ఏప్రిల్ పదిహేను నుంచి అరవై ఒక్క రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు ఒడ్డు కదలకూడదు. నా సంగతి వేరు. బాపట్లలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. హాస్టల్ నీళ్ళ ట్యాంకుకి "లోపల మొసలి కలదు. నీళ్ళు పట్టుకొనువారు ముందుగా మూడుసార్లు చప్పట్లు కొట్టవలెను" అని బోర్డు తగిలించాను. వారం రోజులు హాస్టలంతా చప్పట్లతో మార్మోగింది. కొట్టినవాళ్ళలో వార్డెన్ గారు కూడా ఉన్నారని బయటపడటంతో, పరీక్షలయ్యేదాకా నా మొహం చూపించొద్దన్నారు.

పెట్టె పట్టుకుని మా అక్క అత్తవారింటికి వెళ్ళాను. మా అక్క పేరు రాగసుధ. అంతకు ముందు కార్తీకంలోనే పెళ్ళయింది. వాళ్ళది సూర్యలంక పక్కన, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఒక చిన్న పేట. గుమ్మంలో అక్క అత్తగారు సామ్రాజ్యం అత్త కూర్చుని ఉంది.

"ఏరా కిరీటీ, మొసలి నిన్ను తినలేదా?"

"వాసన చూసి వదిలేసిందత్తా."

"దానిక్కూడా నాలుక ఉంటది గదా పాపం. రా, కాళ్ళు కడుక్కో."

సామ్రాజ్యం అత్త గుల్లలు ఏరుతుంది. పాటు వేళ ఏట్లో నీళ్ళు తీయగానే బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, చేతుల్తో తడిమి తీస్తుంది. ఉడకబెట్టి, మాంసం ఒలిచి, బాపట్ల తీసుకెళ్ళి అమ్ముతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ బురదని ఎంత తడిమిందంటే, ఆ ఏట్లో గుల్లలకి ఆధార్ ఇవ్వాల్సి వస్తే వేలిముద్రలు ఆవిడవే పడతాయి. ఆవిడ కొడుకు, అంటే మా బావ విజయసారథి, మరబోటు మీద పనిచేస్తాడు. రోజుకి పదకొండు మాటలు మాట్లాడతాడు. నిషేధం రోజుల్లో బోటుతో పాటు మాటల్ని కూడా ఒడ్డుకి కట్టేస్తాడు కాబట్టి ఏడుకి పడిపోతుంది.

మర్నాడు పొద్దున పాటు వేళకి అక్కా అత్తా ఏట్లోకి దిగితే నేనూ వెళ్ళాను, సాయం చేయడానికి కాదు, సాయం చేస్తున్నట్టు కనపడటానికి. ఎప్పుడూ గంటలో నిండే అత్త బుట్ట ఆ రోజు రెండు గంటలైనా సగం కాలేదు. అత్త బురదలోంచి ఏదో పెరికి చేతిలో పెట్టుకుని చూసింది. వేలి గోరంత నల్లటి గుల్లలు. ఒకదానికొకటి నారతో కుట్టేసినట్టు గుత్తి గుత్తి. ఆ గుత్తి కింద ఆవిడ రోజూ ఏరే తెల్ల గుల్లలు నోరు తెరిచి చచ్చిపోయి ఉన్నాయి.

"ఇదేంటమ్మాయ్? గుల్లలు ఇట్టా బురదని కుట్టేయడం నా జన్మలో చూళ్ళేదు."

పక్క మడుగులో ఏరుతున్న బుల్లెమ్మ నడుం ఎత్తి చూసింది.

"మా వైపు కూడా అట్టానే ఉంది సామ్రాజ్యం. ఎటునించి పాకిందో నువ్వే చూడు."

అందరం చూశాం. బురద మీద నల్ల దుప్పటి పరిచినట్టుంది. ఆ దుప్పటి మొదలు ఏటి మధ్యలో అత్తవాళ్ళ వల కట్టే గుంజల వరుసలో ఉంది. ఆ వరుసలో ఒక గుంజ నల్లగా ఏనుగు కాలంత లావైపోయి నిలబడి ఉంది. అది మా అక్క సారె గుంజ.

దాన్ని మోసుకొచ్చింది నేనే.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఆడపిల్ల కాపురానికి వెళ్ళిన మూడో రోజున, పుట్టింటి వాళ్ళు ఏట్లో వల కట్టే గుంజల్లోంచి ఒకటి పీకి, ఆ పిల్ల అన్నో తమ్ముడో మోసుకెళ్ళి అత్తవారి ఏట్లో పాతాలి. అప్పట్నించి ఆ పిల్ల ఆ నీళ్ళ మనిషి. రెండే నియమాలు. దారిలో గుంజ తడి ఆరకూడదు. పాతాక పీకకూడదు. పీకితే పిల్లని పుట్టింటికి పంపేసినట్టే.

మా ఊరు రేపల్లెకి ఇంకా కిందికి ఉంటుంది. బస్సు అక్కడిదాకా వచ్చి, ముందు సముద్రం ఉందని తెలుసుకుని వెనక్కి తిరుగుతుంది. ఆ మూడో రోజు చీకట్నే నాన్న పెళ్ళి గిన్నెలు అప్పజెప్పడానికి రేపల్లె వెళ్తూ, "తెల్లారి పాటుకి దిగి ఒడ్డు నించి మూడో గుంజ పీక్కెళ్ళరా. మూడోదే" అని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పి ఉంటే మెలకువ వచ్చేదేమో. నేను లేచేసరికి పోటు వచ్చి గుంజలు మెడదాకా మునిగి ఉన్నాయి.

బస్సుకి టైమైపోతోంది. మా ఊరి జెట్టీ దగ్గర, మరమ్మతు చేసినప్పుడు తీసేసిన గుంజ ఒకటి నీళ్ళలో సగం మునిగి కనపడింది. ఆ జెట్టీకి ఎక్కడెక్కడి బోట్లో వచ్చి కట్టుకుంటాయి. గుంజ నిండా నల్లగా మెరిసే చిన్న చిన్న గుల్లలు. నాన్న గుంజలు బోడిగుండుల్లా ఉంటాయి. ఇది నగలు పెట్టుకుని తయారై కూర్చుంది. గుల్లలు ఎక్కువుంటే సారె ఎక్కువున్నట్టే కదా అనుకున్నాను. మర్నాడు తిరిగొచ్చి నాన్న చూడకుండా మూడో గుంజ కూడా పీకి, పెరట్లో తిరగేసిన పాత పడవ కిందికి తోసేశాను. ఇంత పకడ్బందీగా చదివి ఉంటే ఈపాటికి నేను కలెక్టర్ని.

తొమ్మిదడుగుల గుంజకి తడి గోనె చుట్టి రేపల్లెలో ప్యాసింజరెక్కాను. టీసీ వచ్చాడు.

"ఇదేంటి?"

"మా అక్క పుట్టిల్లండి."

"దీనికి టికెట్టేది?"

"పుట్టింటికి టికెట్టేంటండి."

ఆయన కాసేపు నన్నూ గుంజనీ మార్చి మార్చి చూసి, ఇద్దరిలో గుంజే నయమనుకున్నాడో ఏమో, తలుపు పక్కకి జరిపించి వెళ్ళిపోయాడు. తెనాలిలో బండి మారేటప్పుడు ప్లాట్‌ఫాం కొళాయి దగ్గర దానికి స్నానం చేయిస్తుంటే జనం మూగారు. అది గోదావరిలో దొరికిన దేవుడి ధ్వజస్తంభమనీ, ఎండితే వాన పడదనీ చెప్పాను. ఇద్దరు దణ్ణం పెట్టుకున్నారు. బాపట్ల బండిలో మాత్రం చుండూరు వెళ్ళే ఒక మామ్మ, "నిజం చెప్పు నాయనా" అంటే అక్క సారె అని నిజమే చెప్పాను. ఆవిడ తన మంచినీళ్ళ సీసా మూత తీసి ఆ గోనె మీద సాంతం పోసి, "పిల్ల చల్లగా ఉండాలి" అని చుండూరులో దిగిపోయింది.

అత్తవారింట్లో గుంజని చూసి పేటంతా మురిసిపోయారు. "ఎంత నిండుగా ఉందో" అన్నారు. సామ్రాజ్యం అత్త పసుపు రాసింది. అక్క వచ్చి గుంజని పైనించి కిందిదాకా అరచేత్తో మెల్లిగా తడిమింది. గుల్లలు గీసుకుంటున్నా తడిమింది. తర్వాత నా వైపు చూసింది. పాపం తమ్ముడు కష్టపడ్డాడు అనే చూపని నేను దానికి అర్థం రాసుకున్నాను.

నిషేధం రెండో వారానికి పేటలో మాటలు మొదలయ్యాయి. "పిల్ల కాలు పెట్టింది, ఏరు నల్లబడింది" అని ఒకరు. "పున్నారావు నీళ్ళకే ఏదో తెగులుంది" అని మా నాన్న పేరు పెట్టి ఇంకొకరు. నాకు ఇలాంటప్పుడు తెలిసిన వైద్యం ఒకటే. వలల షెడ్డు గోడకి ఒక కాగితం అంటించాను: "ఈ నల్ల గుల్లలను విదేశములందు రాజకుటుంబముల పెళ్ళిళ్ళలో వడ్డింతురు." ఆ పూట పేటలో ప్రతి పొయ్యి మీదా నల్ల గుల్లలే. బస్తా గుల్లలు ఉడకబెడితే గరిటెడు మాంసం వచ్చింది.

సామ్రాజ్యం అత్త ఒకటి నమిలి చూసి, "ఆ రాజులు ఎందుకు చచ్చిపోయారో ఇప్పుడు తెలిసింది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అబ్బాయ్, నవ్వించడం మంచిదే. కానీ రేపు పొద్దున బుట్టలోకి ఏమొస్తది?" అంది. మామూలుగానే అడిగింది.

మర్నాడు ఆ గుత్తినొకదాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళి పర్వీన్ మేడమ్‌కిచ్చాను. ఆవిడ మాకు జువాలజీ చెప్తారు. డబ్బా మూత తీయకుండా చెవి దగ్గర పెట్టుకున్నారు.

"మొసలి లేదు కదా?"

"లేదండి. చప్పట్లు కొట్టక్కర్లేదండి."

మూత తీశాక ఆవిడ నవ్వు పోయింది. భూతద్దం తీసి చాలాసేపు చూశారు. అది మన సముద్రానిది కాదట. దక్షిణ అమెరికా వైపుదట. పెద్ద ఓడలు బరువు కోసం అక్కడ నీళ్ళు నింపుకుని ఇక్కడికొచ్చి వదులుతాయి, ఆ నీళ్ళలో దీని పిల్లలు వస్తాయి, ఓడల అడుక్కి అంటుకుని పెద్దవీ వస్తాయి అన్నారు. మన తీరాల్లో ఇప్పటికే అక్కడక్కడా కనపడుతోందట. దీన్ని తినే జంతువులు ఇక్కడ తక్కువ కాబట్టి ఒకచోట పడితే పరుచుకుంటూ పోతుందట.

"మరి ఓడలు రాని ఏట్లోకి ఎట్లా వస్తదండి?"

"బోట్లకి, తాళ్ళకి, కర్రలకి అంటుకుని. తడిగా ఉంటే చాలు, చాలా దూరం బతికి వస్తుంది."

"తడి ఆరకుండా రెండు రైళ్ళు మారినా?"

"ఏ రైళ్ళు?"

"ఊరికే అడిగానండి."

ఆవిడ నన్ను అదోలా చూసి, "ముందు ఎక్కువగా పట్టిన కర్ర ఉంటే అది పీకేయండి. గీకి ఏట్లోనే పడేయొద్దు. ఒడ్డుకి తెచ్చి బాగా ఎండబెట్టండి. ఎండకి చస్తాయి. పూర్తిగా పోతాయని మాత్రం చెప్పలేను కిరీటీ. తొందరపడితే ఆగుతుంది" అన్నారు.

ఆ సాయంత్రం వలల షెడ్డులో పేట వాళ్ళందరూ కూర్చున్నారు. మేడమ్ చెప్పిందంతా చెప్పాను. గుంజ ఎక్కడిదో తప్ప. పేట పెద్ద ఆదాము తాత గడ్డం గోక్కుని, "అయితే ఆ గుంజ పీకాల్సిందే" అన్నాడు. అనేశాక ఏమన్నాడో ఆయనకే తెలిసొచ్చింది. అందరూ మా అక్క వైపు చూశారు. అక్క వల దారం వేలికి చుట్టుకుంటూ ఉంది. చుట్టిన చోట వేలు తెల్లబడిపోయింది.

"పీకను" అంది సామ్రాజ్యం అత్త.

"అందరికన్నా ముందు పోయేది నీ గుల్లలే గదే" అంది బుల్లెమ్మ.

"గుల్లలు ఇంకో ఏట్లో ఏరుకుంటా. కోడల్ని ఇంకో ఏట్లో ఏరుకుంటానా?"

బావ "ఊ" అన్నాడు. ఆ రోజుకి అదే ఆయన ఏడో మాట.

"సరేలే, బోట్లు దిగే రోజు దాకా చూద్దాం" అన్నాడు ఆదాము తాత. "ఆలోపు తగ్గకపోతే అందరి పొట్టల సంగతీ చూడాలి గదమ్మా."

అప్పుడే లేచి చెప్పొచ్చు. ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం రెండు వైపులా కోస్తుంది. అది నాన్న గుంజ కాదంటే పీకడానికి అడ్డం లేదు, నిజమే. మరి అసలు గుంజే రాలేదంటే, మా అక్క ఆ ఇంటికి వచ్చినట్టా, రానట్టా? ఆరు నెలలుగా సారె లేని కోడలని పేటంతా తేల్చేస్తే? జీవితంలో మొట్టమొదటిసారి నోరు మూసుకున్నాను. అదీ తప్పు సమయంలో.

మే నెలంతా నల్లదనం పాకుతూనే ఉంది. సామ్రాజ్యం అత్త తెల్లారకముందే లేచి, మూడు మైళ్ళు ఇసకలో నడిచి, ఇంకో ఏటికి వెళ్ళి గుల్లలు ఏరడం మొదలుపెట్టింది. అది వేరే పేట వాళ్ళ ఏరు. వాళ్ళు ఒక మూల చూపించి అక్కడ ఏరుకోమన్నారట. ముప్పై ఏళ్ళు ఏరిన మనిషి, ఎవరో చూపించిన మూలలో. ఇంటికొచ్చేసరికి మోకాళ్ళు కొబ్బరికాయల్లా వాచేవి. అక్క ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టేది. అక్క ఒక మోకాలు అయ్యాక రెండోది పట్టుకునేది. అత్త గోడకి తల ఆనించి కళ్ళు మూసుకునేది. నేను పరీక్షలకి చదువుతున్నట్టు పుస్తకం అడ్డం పెట్టుకుని, ఒకే పేజీని ఇరవై రోజులు చదివాను.

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, పరీక్ష రాసి వచ్చేసరికి అక్క సంచిలో చీరలు సర్దుతోంది.

"ఎక్కడికే?"

"ఇంటికి. నాన్నకి ఒంట్లో బాలేదని చెప్తా. నేనిక్కడ ఎదురుగా తిరుగుతుంటే వీళ్ళు ఆ గుంజ పీకలేరు. నేను లేకపోతే మనసు రాయి చేసుకుంటారు."

"పీకితే మళ్ళీ రాలేవు గదక్కా."

"ఆవిడ మోకాళ్ళు చూశావా నువ్వు?"

చీర మడత సరిగ్గా రాక మళ్ళీ విప్పింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"అక్కా, ఆ గుంజ నాన్నది కాదు. జెట్టీది."

"తెలుసు."

గుమ్మం వదిలి లోపలికి వచ్చాను.

"నాన్న మూడో గుంజకి నా గాట్లున్నయ్ రా, ఏడు" అంది. "ఆరో ఏట నించి ఏటేటా పాటు వేళ నన్ను దాని పక్కన నిలబెట్టి నెత్తి దగ్గర గాటు పెట్టేవాడు. ఆ రోజు గుల్లల కింద వేలు పెట్టి వెతికా. ఒక్కటీ లేదు."

నేనూ చూశాను ఆ గాట్లని, పడవ కిందికి తోసేటప్పుడు. వల తాళ్ళు ఒరిసిన గాట్లనుకున్నాను.

"మరి చెప్పలేదేం?"

"ఏమని? మా తమ్ముడు నిద్రపోయాడు, నా గుంజ రాలేదనా?" సంచి జిప్పు లాగింది. సగంలో ఇరుక్కుంది. "అయినా నీ భుజం ఒరుసుకుపోయి చొక్కాకి రక్తం అంటుకుని ఉంది ఆ రోజు. గోనె మాత్రం తడిగానే ఉంది. ఎవరి గుంజైతేనేం, తడి ఆరకుండా తెచ్చావు గదా అనిపించింది."

నేను మా అక్కని జీవితంలో నాలుగొందల సార్లు మోసం చేశాను. చెప్పుల్లో కప్పని పెట్టాను, ఇంటర్ ఫెయిలైందని దొంగ ఫోన్ చేయించాను. ప్రతిసారీ పెరడంతా తరిమి కొట్టేది. ఆ ఒక్కసారి మాత్రం కొట్టలేదు.

వెనక్కి తిరిగి వసారాలోకి వెళ్ళాను. సామ్రాజ్యం అత్త కాళ్ళు చాపుకుని, ఉడికిన గుల్లలు చిన్న కత్తితో ఒలుస్తోంది. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని అంతా చెప్పాను. నిద్రా, పోటూ, జెట్టీ, పాత పడవ, అన్నీ. ఒక్క అబద్ధం కూడా కలపకుండా మాట్లాడటం అలవాటు లేక నాలుగుచోట్ల తడబడ్డాను.

అత్త తల ఎత్తలేదు.

"ఇది కూడా మొసలేనా?"

"కాదత్తా. నిజం."

"నీ నిజానికి గుర్తేంటి?"

"నవ్వు రావట్లేదు గదత్తా."

ఆవిడ నా మొహం చూసింది. మళ్ళీ గుల్లలు ఒలవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. మూడో దాంట్లో మాంసం లేదు, పక్కన పడేసింది.

"అంటే ఈ ఆర్నెల్లూ మేం పసుపు రాసి దణ్ణం పెట్టుకుంది జెట్టీ కర్రకి."

"అవునత్తా."

"పున్నారావన్నయ్య నీళ్ళకి తెగులేం లేదు."

"లేదత్తా."

"ఒరే సారథీ" అని కేకేసింది. "గునపం పట్రా. తాతనడిగి చిన్న పడవ కూడా తీసుకురా. ఏట్లో కర్ర పీకాలి."

బావ వల మీంచి తలెత్తాడు. "గుంజా?"

"గుంజ కాదంటరా. కర్రంట."

అప్పటికి అక్క సంచితో గుమ్మంలోకి వచ్చింది. అత్త ఆ సంచి వైపు చూసింది.

"అదెక్కడికి?"

అక్క సంచిని వెనక్కి జరిపింది.

"లోపల పెట్టు. నీ గుంజ వచ్చేదాకా నువ్వెక్కడికీ పోడానికి లేదు."

"అత్తా, గుంజ రాకపోతే నేను..."

"పిల్లొచ్చి ఆర్నెల్లయింది. గుంజ లేటైంది. తెనాలిలో బండి మారాలి గదా, అవుతది లేటు." కత్తి పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. "ఆ జిప్పు లాగమాక, తెగుద్ది. నేను నూనె రాస్తా."

ఆ సాయంత్రం పాటుకి పేటంతా దిగింది. తడి బురదలోంచి గుంజ కదలడానికి గంట పట్టింది. మేడమ్ చెప్పినట్టు ఒక్క గుత్తి కూడా ఏట్లో రాలకుండా కింద టార్పాలిన్ పట్టుకున్నాం. పడవ మీద ఒడ్డుకి లాగి, పోటు అందని చోట వేడి ఇసకలో పడేశాం. మర్నాటి ఎండకి ఆ నల్ల గుల్లలు టిక్కుటిక్కుమని నోళ్ళు తెరవడం వినపడింది. వేల మైళ్ళు దాటి వచ్చిన వాటికి చివరికి చావు నా బద్ధకం వల్ల రాసిపెట్టి ఉంది. కొంచెం జాలేసింది కూడా. ఆదాము తాత మాత్రం జాలిపడకుండా, ఆ నెలంతా గుల్లలు గీకి బస్తాల్లో ఒడ్డుకి మోసే పని నాకు శిక్ష వేశాడు.

దానికి ముందు మా ఊరు వెళ్ళాను. నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. చెప్పాను. కొడతాడనుకుని కాస్త దూరంగా నిలబడే చెప్పాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, వంగి, పాత పడవ కింద చెయ్యి పెట్టి గుంజని బయటికి లాగాడు. ఎండి పెచ్చులు లేచి ఉంది. తువ్వాలు తీసి దుమ్ము తుడిచాడు. గాట్ల దగ్గర ఇంకొంచెంసేపు తుడిచాడు.

"నీతో పోయిందనుకున్నాన్రా. ఇంట్లోనే ఉందన్నమాట" అన్నాడు అంతే. చొక్కా వేసుకుని తనూ బయల్దేరాడు.

రేపల్లె బండిలో అదే టీసీ.

"మళ్ళీ ఇదేనా?"

"అప్పటిది డూప్లికేటండి. ఇది ఒరిజినల్."

నాన్న గుంజని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. తెనాలి దాకా పట్టుకున్న చేతులు తీయలేదు. బాపట్ల బండి చుండూరు దాటాక, అలవాటుగా నీళ్ళ సీసా మూత తీసి గుంజ మీదికి వంచబోయాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు నాన్నా. ఇప్పుడు తడపకూడదంట."

ఆయన సీసా వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, ఆ నీళ్ళు నాకు ఇచ్చాడు. తాగాను.

బోట్లు సముద్రంలోకి దిగే రోజు పొద్దున, పాటు వేళకి గుంజ పాతాం. నాన్న పాత బురద గీత ఎక్కడిదాకా ఉందో చూసి సరిగ్గా అంతే లోతు దింపాడు. నల్ల గుల్లలు ఏట్లో ఇంకా ఉన్నాయి. గీకిన చోట వారం తిరక్కుండా మళ్ళీ కనపడుతున్నాయి, మళ్ళీ గీకుతున్నాం. ఆ పొద్దున సామ్రాజ్యం అత్త బుట్టలో తెల్ల గుల్లలు అడుగు కప్పేటన్ని ఉన్నాయి. అయినా అవి తన ఏట్లోవి.

అత్త గుంజ మీద వేలు పెట్టి గాట్లు లెక్కపెట్టింది.

"ఏడే ఉన్నయ్యేంటన్నయ్యా?"

"తర్వాత సిగ్గని ఏట్లోకి రావడం మానేసిందమ్మా."

పై గాటు అక్క మెడ దగ్గరికి వచ్చింది. అత్త బొడ్లోంచి గుల్లలు ఒలిచే కత్తి తీసింది.

"నిటారుగా నిలబడు."

అక్క నిలబడింది. అత్త కత్తిని అక్క నెత్తి మీద ఆనించి, జుట్టు తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, ఎండిన కర్ర మీద గాటు పెట్టింది. పొట్టు రాలింది. బోటు మీద నిలబడి బయల్దేరబోతున్న బావ అక్కణ్ణించే గట్టిగా అరిచాడు.

"ఎనిమిదా?"

"ఎనిమిది" అంది అక్క.

అత్త అలవాటు కొద్దీ వంగి, గుంజ మీద పోయడానికి దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చి, ఆ నీళ్ళు ఏట్లోనే వదిలేసి, తడి చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది.

"పోటు రానీ. అదే తడుస్తది."